చేసినవాడు ముందెక్కాలి

మొన్న పొద్దున్న షాపు తెరిచి, అగరొత్తి ముట్టించి, రాహుకాలం చూసుకుందామని ఫోన్‌లో పంచాంగం యాప్ ఒకటి దించుకోబోయాను. అది ముందు నా కెమెరా అడిగింది. తరవాత నా ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ అడిగింది. రాహుకాలం చెప్పడానికి మా మేనత్త నంబరెందుకో నాకు అంతుపట్టలేదు. ఆవిడ ఫోన్ చేస్తేనే మాకు రాహుకాలం మొదలవుతుందని దానికెవరో చెప్పేసి ఉండాలి. కింద మామూలుగానే చిన్న గడి: 'షరతులన్నీ చదివాను, అంగీకరిస్తున్నాను.' బతుకులో నేనాడిన అబద్ధాలు తక్కువేమీ కాదు గాని, వాటిలో సగం ఆ గడిలో ఆడినవే.

వేలు గడి మీదికి వెళ్ళి ఆగిపోయింది. చెవి పక్కన ఎవరో అడిగినట్టయింది.

"సదివీసినావేటి అల్లుడా, అప్పుడే?"

ఆ మాట అడిగే మనిషి పోయి ఏడు నెలలయింది. పేరు రాయను. రాస్తే, ఎక్కడున్నా దిగొచ్చి, నా పేరు ఎయ్యడానికి నా దగ్గర ఒప్పుదల ఎప్పుడు తీసుకున్నావని నిలదీస్తాడు. నిలదీయడంలో ఆయనకు సాటి లేదు. నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. చుట్టరికం లేదు, పిల్లనీ ఇవ్వలేదు.

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద నాది జిరాక్సు, నెట్టు షాపు. ఏడో తరగతిలో లెక్కలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. ఇద్దరం సుఖంగానే ఉన్నాం. మేడ మీద మత్స్యకారుల సహకార సంఘం ఆఫీసు. అందులో సభ్యులకు కార్డు కావాలన్నా, దరఖాస్తు కావాలన్నా కింద నా దగ్గరికే వస్తారు. అట్లా వచ్చినవాడే మావ. సముద్రం ఒడ్డున పడవలు చేసేవాడు. పూర్వం కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలు, తరవాత కాలం మారితే ఫైబరు పడవల మరమ్మతులు. పొట్టి మనిషి. చెవి మీద వడ్రంగి పెన్సిలు ఉండేది గాని దానితో గీతలే తప్ప అక్షరాలు గీయడం రాదు. ఎడమ బొటనవేలు సుత్తి దెబ్బలకు చదునైపోయి, వేలిముద్రల మిషను ఎంత నొక్కినా ఆయన్ని మనిషిగా గుర్తించేది కాదు. దానికి ఆయన కోప్పడలేదు. "నా ఏలు నానే గుర్తుపట్టలేను, దానిదేటి తప్పు" అనేవాడు.

ఆయన వచ్చాడంటే నా షాపు ఆగిపోయినట్టే. ఏ దరఖాస్తు చేసినా ఆఖర్న ఆ గడి వస్తుంది కదా. లోకమంతా టిక్కు కొట్టి పోతుంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని చదవమనేవాడు. మొత్తం. నాకొచ్చిన ఇంగ్లీషు, ఆ షరతుల్లో ఉన్న ఇంగ్లీషు ఒక ఊరివి కావు. పక్క మెడికల్ షాపు కుర్రాణ్ణి బతిమాలి అర్థం చెప్పించుకుని, నా సొంత మసాలా వేసి చదివేవాణ్ణి. వెనక జనం గొణిగేవారు. ఒకసారి అరసవల్లి గుడికి వెళ్ళాల్సిన పెళ్ళికొడుకు ఒకడు ఫొటో ప్రింటు కోసం నిలబడి, మూడో పేజీ దగ్గర చెమటలు పట్టి వెళ్ళిపోయాడు. మావ కళ్ళు మూసుకుని అంతా విని, ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"కన్నం పడితే ఎవుడొస్తాడని రాసినాడు?"

ఎవడూ వస్తానని రాయలేదని చెప్పేవాణ్ణి. ఆయన తల ఊపేవాడు, తనకు ముందే తెలుసన్నట్టు. తరవాత విధిలేక టిక్కు కొట్టమనేవాడు. ఇదంతా ఎందుకు మావా అంటే, తెలిసి మునగడం వేరు, తెలీక మునగడం వేరు అనేవాడు.

ఆయన రెండో అలవాటు, ఏది అమ్మవచ్చినవాణ్ణయినా "ఈతొచ్చా బాబూ నీకు?" అని అడగడం. ఇన్సూరెన్సు ఏజెంటును అడిగాడు. సెల్‌ఫోన్ కంపెనీ పిల్లను అడిగాడు. నాకు ప్రింటర్ అంటగట్టడానికి వచ్చినవాణ్ణి అడిగితే, వాడు బెదిరిపోయి ప్రింటర్ మాట వదిలేసి కేటలాగ్ చుట్టుకుని పోయాడు. ముసలాయనకు చాదస్తమనుకునేవాణ్ణి, వాళ్ళ పల్లెకు ఒకసారి కొత్త పడవ దించుతుంటే చూడ్డానికి వెళ్ళేదాకా.

అక్కడ చూసింది రెండు సంగతులు. మొదటిది, పడవను ఒడ్డున ఎత్తు మీద పెట్టి, బిందెలతో లోపలికి నీళ్ళు పోశారు. సముద్రంలోకి తోయాల్సింది పోయి సముద్రాన్నే పడవలోకి తెచ్చారేమిట్రా అని నేను జోకు వేస్తే ఎవరూ నవ్వలేదు. మావ నేల మీద వెల్లకిలా పడుకుని, పడవ కిందికి పాక్కుంటూ వెళ్ళి, ఎక్కడ చెమ్మ కనబడితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టాడు. లోపల పోసిన నీళ్ళు బయటికొచ్చిన చోటే రేపు బయటి నీళ్ళు లోపలికొచ్చే చోటు. చూస్తున్నవాళ్ళలో ఎవరికైనా తడి కనిపిస్తే అరిచి చెప్పాలి. చెప్పినవాడికి కల్లు.

రెండోది, పడవ మొదటిసారి అలలు దాటేటప్పుడు దాన్ని చేసినవాడు అందులో ఉండి తీరాలి. ఉండను అన్నవాడి పడవను ఆ పల్లెలో ఎవరూ ముట్టరు. మావ పడవ ముక్కు దగ్గర, తను చెక్కిన మూడు గీతల గుర్తు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పడవ అలమీద నిలువునా లేచినప్పుడు ఒడ్డున నేను పక్కవాడి భుజం పట్టుకున్నాను. ఆయన మాత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టు ఉన్నాడు.

ఇక అసలు గొడవ. సంఘానికి ఎక్కడో నగరంలోని కంపెనీ ఒకటి సాఫ్ట్‌వేర్ అమ్మింది. సభ్యులందరి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, ఆధార్లు అందులోకి ఎక్కించారు. ఎక్కించిన పిల్ల రాజేశ్వరి. రోజూ కోటబొమ్మాళి నుంచి బస్సులో వచ్చి సంఘంలో ఆపరేటరుగా చేసేది. ఇంటికి ఆ పిల్ల జీతమే ఆధారం. మూడు నెలలు తిరక్కుండా చేపలమ్ముకునే ఆడవాళ్ళకు ఫోన్లు మొదలయ్యాయి. ఎవరో హుందాగా మాట్లాడి, పేరు చెప్పి, మొగుడి పేరు చెప్పి, కార్డు నంబరు చెప్పి, మీ కార్డు ఆగిపోతుంది, ఫోన్‌కి వచ్చిన అంకె చెప్పండమ్మా అనేవాళ్ళు. ఇంట్లో మనిషికి తెలిసినంత తెలిసినవాణ్ణి ఎట్లా అనుమానిస్తారు? కొందరు చెప్పేసి మోసపోయారు. ఒకామె మాత్రం భయపడి ఫోన్ని సముద్రంలోకి విసిరింది. ఆ ఊళ్ళో సైబర్ నేరం నుంచి పూర్తిగా బయటపడింది ఆమె ఒక్కతే.

వివరాలు బయటికి ఎట్లా పోయాయి? కంపెనీని అడిగితే తమ సాఫ్ట్‌వేర్ ఉక్కులాంటిదంది. ఉక్కయితే ఇక మిగిలింది మనిషి. మనిషంటే రాజేశ్వరి. ఆ పిల్లే అమ్ముకుందని సంఘం అధ్యక్షుడు తేల్చేసి, సోమవారం నుంచి రావద్దన్నాడు. పోలీసులకిచ్చే ఫిర్యాదు నాచేతే టైపు చేయించాడు. నేను చేశాను. చేస్తూ రెండు జోకులు కూడా వేశాను. ఆ పిల్ల మెట్లు దిగి, నా షాపు ముందు నుంచి, నా వైపు చూడకుండా వెళ్ళింది. ఆ జోకులేమిటో నాకిప్పటికీ గుర్తున్నాయి. ఇక్కడ రాయను.

మర్నాడు పైడమ్మ వచ్చింది. కార్డు ప్రింటు కావాలి. ఆ పల్లెల్లో పైడమ్మలకు కొదవ లేదు, వాళ్ళ మొగుళ్ళలో అప్పన్నలకూ కొదవ లేదు. ఇంటిపేర్లు నాలుగో ఐదో. సంఘం పంపిన లింకు ఆఖర్న సభ్యత్వం నంబరు ఉంటుంది. ఆమె ఫోన్ తెర పగిలి ఉంటే, చూసి చేత్తో కొట్టాను. పైడమ్మ, భర్త అప్పన్న. ప్రింటు తీసిచ్చాను. అర్ధగంటలో తిరిగొచ్చి కార్డు బల్ల మీద పెట్టింది.

"పేరు నాదే, మొగుడి పేరూ నాదే, మొగం నాది కాదు బాబూ."

నంబరులో రెండంకెలు తారుమారు చేశాను. తప్పు నాదే. సరిచేసి ఇచ్చి పంపాను. పంపాక కూర్చుంటే అప్పుడు తట్టింది. నేను తప్పు నంబరు కొడితే తలుపు తెరుచుకోకూడదు కదా? లాడ్జీలో నా గది తాళంచెవి పక్క గదికి పట్టిందంటే తప్పు నా చేతిదా, తాళానిదా? ఇంకో అంకె కొట్టాను. ఇంకో మనిషి. ఇంకోటి. ఇంకో మనిషి, ఆధారుతో సహా.

అంతలో మావ వచ్చాడు. చూపించాను. ఏ తాళం తీశావని అడిగాడు. తాళమే లేదని చెప్పాను. తన నంబరు కొట్టమన్నాడు. చెవి మీద పెన్సిలుతో సహా తెర మీదికొచ్చాడు. అధ్యక్షుడి నంబరు కొట్టమన్నాడు. అది చూసి కొంచెంసేపు నవ్వాడు. తరవాత నవ్వు ఆపేసి, పెన్సిలు తీసి నా తెల్ల కాగితం మీద ఒక గీత గీశాడు, పడవ కింద గీసినట్టే.

"నీల్లు బయటికొచ్చిన సోటు ఇదేరా అల్లుడా. ఆ పిల్ల కాదు."

మేడెక్కాం. పైడమ్మల కార్డులు చూపించినంతసేపూ అధ్యక్షుడు తప్పు రాజేశ్వరిదే అన్నాడు. ఆయన సొంత కార్డు, భార్య నంబరుతో సహా నా వేలి కింద తెరుచుకునేసరికి తప్పు కంప్యూటరుదైపోయింది. ఫిర్యాదు ఆగింది. కాని పిల్లను తిరిగి రమ్మనలేదు. కంపెనీ ఒప్పుకుంటేనే జనం నమ్ముతారన్నాడు.

రాజేశ్వరిని పిలిపించి, ముగ్గురం కూర్చుని కంపెనీకి ఈమెయిలు రాశాం. మీ పడవకు ఇక్కడ కన్నం ఉంది, పూడ్చండి అని మర్యాదగానే రాశాం. జవాబు లేదు. మళ్ళీ రాశాం. నెలన్నరకు జవాబొచ్చింది, లాయరు నోటీసు రూపంలో, నా పేరు మీద. అనుమతి లేకుండా వారి కంప్యూటరు వ్యవస్థలోకి చొరబడ్డానట. ఏడో తరగతి తప్పినవాణ్ణి హ్యాకర్ అన్నారు. మా నాన్న బతికుంటే వీధంతా మిఠాయి పంచేవాడు. సంఘానికి విడిగా ఇంకో జవాబు: ఒప్పందం పద్నాలుగో పేరా చూసుకోండి, సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చాం, ఏ నష్టానికీ మాది బాధ్యత కాదు, మీరు అంగీకరించారు.

నోటీసు చూసి నేను నవ్వుతూనే ఉన్నాను గాని, దాన్ని మడిచి గల్లాపెట్టె అడుగున దాచాను. షాపు మూసేద్దామా అనిపించింది. మావ మాత్రం పద్నాలుగో పేరా మూడుసార్లు చదివించుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఏళ్ళ తరబడి తను అడుగుతున్న ప్రశ్నకు ఎవడో మొదటిసారి రాతపూర్వకంగా జవాబిచ్చినట్టు, ఒకరకం సంతోషం. కన్నం పడితే ఎవుడొస్తాడు? ఎవుడూ రాడు.

మావా, పైడమ్మా, మరి కొందరు సభ్యులూ కలిసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళారు. అక్కడ లాయరు లేకుండా మన గోడు మనమే చెప్పుకోవచ్చని ఎవరో చెప్పారు. కాగితం నేను టైపు చేశాను, ఈసారి జోకుల్లేకుండా. ప్రతి వాయిదాకూ మావ క్యారేజీ కట్టుకుని వచ్చేవాడు. బెంచీ మీద కూర్చునే ముందు వంగి కింద దాని అతుకులు చూసుకునేవాడు.

కంపెనీ తరఫు లాయరు విశాఖపట్నం నుంచి వచ్చేవాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. సాఫ్ట్‌వేర్ వస్తువా, సేవా అన్న దాని మీద ఒక పూట మాట్లాడాడు. పద్నాలుగో పేరా మీద ఇంకో పూట. ఆఖర్న, ప్రపంచంలో లోపం లేని సాఫ్ట్‌వేర్ లేదని, ప్రతి లోపానికీ చేసినవాళ్ళను పట్టుకుంటే ఇక ఎవరూ ఏదీ చేయరని అన్నాడు. అధ్యక్షత వహించిన మేడమ్ మావను, మీరేమంటారని అడిగారు. మావ లేచి పంచె సర్దుకున్నాడు.

"ఆ బాబు నిజవే సెప్పినాడమ్మా. కన్నం పడని పడవ నేదు. కన్నం ఉన్నాదని నాను తిట్టనేదు. ఉన్నాదని సెప్తే పూడ్సకండా, సెప్పినోడిని దొంగన్నారు. మా ఊళ్ళో కన్నం సూపించినోడికి కల్లు పోస్తాం. ఈలు నోటీసు పంపినారు."

మేడమ్ నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకున్నారు. మరి ఒప్పందంలో అంగీకరించారు కదా అని అడిగారు. ఆ గడి నొక్కింది రాజేశ్వరి అనీ, నొక్కకపోతే ఆ పిల్లకు తెర ముందుకు కదలదనీ చెప్పి, ఒప్పుకోనని నొక్కడానికి ఇంకో గడి ఉందేమో ఆ బాబునే అడగమన్నాడు. లాయరు తన కాగితాలు వెతికాడు. లేదు.

ఆ రోజు బయట వరండాలో లాయరు మా పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు. మావ ఊరుకుంటాడా?

"ఈతొచ్చా బాబూ నీకు?"

లాయరు కూడా సరదా మనిషే. వచ్చని చెప్పి, మరి మీకు అన్నాడు.

"నాకు రాదు."

నేను టీ ఒలకబోసుకున్నాను. యాభై ఏళ్ళు పడవలు చేసి, ప్రతి కొత్త పడవా ఎక్కి అలలు దాటిన మనిషికి ఈత రాదట. అబద్ధమన్నాను. మావ నన్ను పట్టించుకోలేదు. ఆ కుర్రాడికే చెప్పాడు, ఇంట్లో పిల్లాడికి చెప్పినంత నెమ్మదిగా.

"ఈతొస్తే నానూ మీనాగే పడవలు సేద్దును బాబూ."

లాయరు టీ సగంలోనే గ్లాసు కింద పెట్టేశాడు. అంతకాలం ఆయన ఈతొచ్చా అని అడిగింది ఎగతాళికి కాదని నాకూ అప్పుడే బోధపడింది. మునిగితే ఈదుకుని పోయేవాడివా, మాతోపాటు మునిగేవాడివా అని అడుగుతున్నాడన్నమాట.

తరవాతి వాయిదాకు ఆ కుర్రాడు ఒక ఉత్తరం తెచ్చాడు. కంపెనీదే, ముద్రతో సహా. లోపం తమ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిందని, ఇప్పుడు పూడ్చామని, సంఘం ఆపరేటరుకు దానితో సంబంధం లేదని, నా మీద నోటీసు వెనక్కి తీసుకున్నామని ఉంది. వాళ్ళను ఒప్పించడానికి తనెంత తల బద్దలుకొట్టుకున్నాడో అతను చెప్పలేదు. మావ దానిని వరండాలోనే నాచేత చదివించుకున్నాడు, రాజేశ్వరి పేరున్న వాక్యం రెండుసార్లు. జిరాక్సు తీసి సంఘం తలుపు మీద అంటించాం. సోమవారం నుంచి రావద్దన్న పిల్ల ఇంకో సోమవారం నాడు మెట్లెక్కింది. ఈసారి నా షాపు ముందు ఆగి, జోకులేమైనా మిగిలాయా అన్నా అని అడిగింది. లేవన్నాను. నమ్మలేదు.

కమిషన్ తీర్పు తరవాత వచ్చింది. లోపం ఉందని తెలిశాక కూడా తెరిచి ఉంచడం కంపెనీ బాధ్యతేనని, పద్నాలుగో పేరా దానికి గొడుగు పట్టదని, మోసపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలని. కంపెనీ పై కమిషన్‌కు వెళ్ళింది. అక్కడ ఏమవుతుందో నాకు తెలీదు. ఆ పేరా మాత్రం ఒకసారి తడిసింది. తడిసిన చోట గీత పడింది.

వానల్లో మావ పోయాడు, మంచం మీదే, నిద్రలోనే. పోవడానికి నెల ముందు స్టూలు మీద కూర్చుని, సంఘం కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే ఒప్పందంలో పెట్టమని నాచేత టైపు చేయించాడు. కన్నం చూపించినవాడి మీద కేసు పెట్టకూడదు. చెప్పిన వారం రోజుల్లో పూడ్చాలి. చేసినవాళ్ళు ముందెక్కాలి. మూడే. అంతా చదివించుకుని, చదునైన బొటనవేలు ఇంకులో ముంచి కింద ఒత్తాడు. గీతల్లేని నల్ల చుక్క పడింది. ఆ కాగితం పట్టుకెళ్ళి అధ్యక్షుడు నాలుగు కంపెనీలను అడిగితే ముగ్గురు నవ్వారు. నాలుగోది విజయనగరంలో చిన్న కంపెనీ. వాళ్ళు నవ్వకుండా ఒప్పుకున్నారు.

మొన్న పంచాంగం చూసింది దానికోసమే. ఆ రోజే కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టడం. యాప్ వద్దనుకుని గోడ క్యాలెండరు చూసి మేడెక్కాను. దాన్ని తయారుచేసిన పిల్ల వచ్చింది, నెల్లిమర్ల పిల్ల, వాళ్ళ నాన్న జూట్ మిల్లులో చేశాడట. రాజేశ్వరి పక్కన కూర్చుని, ఒప్పందం ప్రకారం, తన పేరు, తన ఫొటో, తన ఆధారు, తన ఫోన్ నంబరు ఎక్కించింది. నంబరు ఒకటి. తరవాత లేచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అంకెలు మార్చి చూడమంది. నా చరిత్ర ఆమెకు ఎవరో చెప్పారు. అంకెలు మార్చాను, తారుమారు చేశాను, నాకు తెలిసిన వెధవ పనులన్నీ చేశాను. తలుపు తెరుచుకోలేదు. ఇంకా ఎవరైనా చూస్తారా అని ఆమె గదంతా అడిగింది.

ఎవరూ కదల్లేదు. ఒకసారి మునిగినవాళ్ళు. గోడవారగా నిలబడిన పైడమ్మ, ముఖం తనది కాని కార్డు అందుకున్న పైడమ్మే, కొంగులోంచి తన వివరాలున్న కాగితం తీసింది గాని ఇవ్వలేదు.

"ఈతొచ్చా అమ్మా నీకు?" అని అడిగింది.

ఆ పిల్లకు ఈత సంగతి తెలీదు. ఎందుకడిగారో అర్థం కాక రాజేశ్వరి వైపు చూసింది, నా వైపు చూసింది. చేపల వాళ్ళ మధ్య ఒప్పుకోవడానికి సిగ్గుపడుతూ, నెమ్మదిగా, "రాదండి" అంది.

పైడమ్మ ముందుకొచ్చి, తన కాగితం బల్ల మీద పెట్టింది.

"అయితే నాదెక్కించు."